కంపెనీ ఐపీ పెడితే రైతు పైసలు ఏ వరుసలో?

(బిజినేపల్లిలో జరిగిన మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పత్తి ఏరే రోజుల్లో పని విడిచి వచ్చారు. కూలీలు దొరకని కాలంలో ఒక పూట అంటే మాటలు కాదు. కాబట్టి చెప్పదలచుకున్న ఒక్క సంగతే చెప్పి కూర్చుంటాం.

"ఐపీ పెట్టిండు" అనే మాట మనలో తెలియని వారు లేరు. ఊళ్లో ఒక వ్యాపారి పది మంది దగ్గర అప్పు తెచ్చి, తీర్చలేక కోర్టుకు పోయి చేతులెత్తేస్తే ఆ మాట అంటాం. 1920 నాటి దివాలా చట్టం కింద వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు అది పొట్టి పేరు. ఐపీ పెట్టిన మనిషి మళ్లీ బజారులో తలెత్తుకొని తిరగలేకపోయేవాడు. అప్పిచ్చిన వాళ్లు అరుగు మీద కూర్చునేవారు.

కంపెనీల ఐపీ అట్లా ఉండదు. దానికి 2016లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. ఐబీసీ అంటారు. కంపెనీ బాకీ కట్టకపోతే బ్యాంకు గానీ, సరుకు అమ్మినవాళ్లు గానీ ఎన్‌సీఎల్‌టీ అనే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మనకు దాని బెంచ్ హైదరాబాద్‌లో ఉంది. పిటిషన్ తీసుకున్న రోజు నుంచి ఆ కంపెనీ మీద కొత్త దావా వేయరాదు, పాత దావా నడవదు, ఆస్తి జప్తు చేయరాదు. యజమానుల చేతిలోంచి కంపెనీని తీసి ఒక నిపుణుడికి అప్పజెప్తారు. బ్యాంకులన్నీ ఒక కమిటీగా కూర్చుంటాయి. ఎవరికి అమ్మాలి, ఎంతకు అమ్మాలి, ఎంత బాకీ వదులుకోవాలి అన్నది ఆ కమిటీ ఓటుతో తేలుతుంది. నూటికి 66 ఓట్లు పడితే ప్లాన్ పాసైనట్టు. మొత్తం 330 రోజుల్లో అయిపోవాలని చట్టంలో రాశారు. అంతకు రెట్టింపు కాలం నడిచిన కేసులు ఎన్నో ఉన్నాయి. బేరం కుదరకపోతే లిక్విడేషన్, అంటే తుక్కు లెక్కన అమ్మకం.

ఈ చట్టం కింద దేశంలో మొట్టమొదట ప్లాన్ ఆమోదం పొందింది మన తెలుగు కంపెనీయే. విశాఖపట్నంలో చక్రాలు తయారు చేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్. 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచే తీర్పు ఇచ్చింది. బాకీ దాదాపు 972 కోట్లు, వచ్చింది దాదాపు 54 కోట్లు. నూటికి ఆరు రూపాయలు కూడా లేదు. బ్యాంకుల భాషలో దీన్ని హెయిర్‌కట్ అంటారు. నూటికి 94 పోతే మన దిక్కు దాన్ని గుండు అంటారు. 2024లో రెండు లక్షల దాకా పంట రుణం మాఫీ చేస్తే రైతులకు అలవాటు చెడుతుందని టీవీల్లో బుద్ధులు చెప్పిన పెద్దమనుషులు ఈ గుండు గురించి ఎన్నడైనా మాట్లాడారా?

సరే, బ్యాంకుల నష్టం బ్యాంకులు చూసుకుంటాయి. మన ప్రశ్న వేరు. ఆ కంపెనీకి చెరుకో, సీడు పత్తో, మక్కలో పోసిన రైతు ఎక్కడ నిలబడ్డాడు?

మొన్న యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడ్డాం గదా. ఐబీసీలో 53వ సెక్షన్ కూడా అసొంటి వరుసే. లిక్విడేషన్‌లో వచ్చిన పైసల్లో మొదట కేసు నడిపిన ఖర్చులు, ఆ నిపుణుల ఫీజులు పోతాయి. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు, ఈ రెండూ సమానంగా. తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. తర్వాత తాకట్టు లేకుండా అప్పిచ్చిన వాళ్లు. తర్వాత సర్కారు పన్నులు, బ్యాంకులకు ఇంకా మిగిలిన బాకీ. ఆరోది, "మిగిలిన అప్పులన్నీ". రైతు అక్కడున్నాడు. అది కూడా రైతు అనే పేరుతో కాదు. స్టేషనరీ అమ్మినవాడు, ఏసీ రిపేరు చేసినవాడు నిలబడే వరుసలోనే. అక్కడి దాకా వచ్చేసరికి లారీలో బస్తా మిగలదు.

కంపెనీని అమ్మేసే ప్లాన్‌లోనైనా న్యాయం జరుగుతుందా అంటే, లిక్విడేషన్ చేస్తే ఈ వరుసలో ఎంత వస్తుందో కనీసం అంతైనా ఇవ్వాలని 30వ సెక్షన్ చెప్తుంది. లిక్విడేషన్‌లో సున్నా వస్తే ప్లాన్‌లో సున్నా ఇచ్చినా చట్టబద్ధమే. కమిటీలో మనకు ఓటు లేదు. మనలాంటి వాళ్ల బాకీ అంతా కలిపి మొత్తం అప్పులో నూటికి పది ఉంటే ఒక ప్రతినిధి పోయి కూర్చోవచ్చు, ఓటు వేయరాదు.

మన రాష్ట్రంలో కళ్ల ముందున్నది నిజాం షుగర్స్ కథ. 1937లో బోధన్‌లో పుట్టిన ఫ్యాక్టరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చి నిజాం దక్కన్ షుగర్స్ అని పేరు మార్చారు. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ మూడు చోట్లా లేఆఫ్ ప్రకటించారు. కేసు ఎన్‌సీఎల్‌టీకి పోయి, 2019 జూన్‌లో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. 2024 జనవరిలో తెరిపించడానికి సర్కారు కమిటీ వేసింది, బ్యాంకుల బాకీ సెటిల్మెంట్‌కు డబ్బు కూడా విడుదల చేసింది. సంతోషమే. కానీ మధ్యలో పోయిన ఏళ్లలో ఆ చుట్టుపక్కల చెరుకు తోటలు పోయాయి. మడులు వరి అయిపోయాయి. ఫ్యాక్టరీని కాగితం మీద బతికించవచ్చు గానీ, చెరుకు మీద రైతుకు పోయిన నమ్మకాన్ని ఏ ట్రిబ్యునల్ తెచ్చిపెడుతుంది?

తమిళనాడులో ఇంకా ఘోరం. తంజావూరు జిల్లా తిరుమండంగుడిలో తిరు ఆరూరాన్ షుగర్స్ అనే మిల్లు దివాలా తీసింది. చెరుకు బకాయిలు ఒక దిక్కు. ఇంకో దిక్కు, తమ పేర్ల మీద మిల్లు వాళ్లు బ్యాంకుల్లో అప్పు తీసుకున్నారని రైతుల ఫిర్యాదు. మిల్లు కొత్త యజమాని చేతికి పోయింది, బ్యాంకు నోటీసులు రైతుల ఇంటికి వచ్చాయి. 2022 నవంబరు చివర్లో మిల్లు ముందు కూర్చుని నెలల తరబడి ధర్నా చేశారు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టే అలవాటు మనకు లేదా? ఉంది. మేమూ పెట్టినవాళ్లమే.

ఆ సంగతి చెప్తాం. కొన్నేళ్ల కింద మేము పదకొండు కుటుంబాల వాళ్లం ఒక కంపెనీకి సీడు పత్తి వేశాం. కంపెనీ మనిషి ముఖం మేము చూడలేదు. ఆర్గనైజర్ విత్తనం ఇచ్చాడు, క్రాసింగ్ కూలీలకు అడ్వాన్సు ఇచ్చాడు, సంతకాలు తీసుకున్నాడు, గింజలు తూకం వేసి తెల్ల చీటీ మీద కిలోలు రాసిచ్చాడు. టెస్టు రిజల్టు వచ్చినంక పైసలు అన్నారు. తర్వాత వచ్చే నెల అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. కంపెనీ దివాలా కేసులో ఉందని మాకు తెలిసేసరికి ఎనిమిది నెలలు దాటింది, అదీ హైదరాబాద్‌లో చదివే మా ఊరి పిల్లగాడు ఫోన్‌లో చూసి చెప్తే. కేసు మొదలైనప్పుడు ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక తెలుగు పేపర్లో ప్రకటన వేస్తారట. చివరి పేజీల్లో అగ్గిపెట్టెంత ప్రకటన ఎవరు చదువుతారు?

హైదరాబాద్ పోయాం. ఆఫీసులో కూర్చున్న చిన్నాయన మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ కూడా ఇప్పించాడు. ఒప్పందం ఏది, బిల్లు ఏది, బ్యాంకులో పడ్డ పైసల లెక్క ఏది అని అడిగాడు. చీటీలు బల్ల మీద పరిచాం. వాటి మీద ఆర్గనైజర్ సంతకం ఉంది, కంపెనీ పేరు లేదు. "కంపెనీ లెక్కల్లో మీరు లేరు, ఆయన ఉన్నాడు" అన్నాడు. ఆరో వరుస అని ఇందాక బాధపడ్డాం గదా, మేము ఆ వరుసలో కూడా లేమన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆర్గనైజర్ ఇంటి మీదికి పోదామని కొందరన్నారు. ఆయనా పక్క ఊరి మనిషే, కంపెనీ నుంచి ఆయనకూ రాలేదు.

ఇంకో ముప్పు ఉంది. ప్లాన్ ఆమోదం అయ్యాక, అందులో లేని పాత బాకీలన్నీ చచ్చిపోయినట్టేనని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో చెప్పింది. కొత్త యజమాని శుభ్రమైన స్లేటుతో మొదలుపెడతాడు. తర్వాత నువ్వు ఎన్ని చీటీలు చూపినా లాభం లేదు.

మనంతట మనం కంపెనీని ట్రిబ్యునల్‌కు లాగుదామంటే, బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. మొదట్లో లక్ష ఉండేది, 2020 మార్చిలో కోటి చేశారు. ఎకరం సీడు పత్తి వేసినవాడికి కోటి బాకీ ఎట్లా ఉంటుంది? కార్మికులకు ఒక దారి దొరికింది. 2019 ఏప్రిల్‌లో జేకే జూట్ మిల్ కేసులో, కార్మికులందరి తరఫున ట్రేడ్ యూనియనే పిటిషన్ వేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. బకాయిల క్లెయిమ్ కూడా కార్మికులు అందరూ కలిసి ఒకే ఫారంలో పెట్టవచ్చు. రైతులకు అట్లాంటి ఫారం లేదు. ఎవరికి వారే ఫారం-బి నింపాలి.

ఇది మార్చరానిదేమీ కాదు. కెనడా దివాలా చట్టంలో రైతులకు ప్రత్యేక సెక్షనే ఉంది. దివాలాకు ముందు 15 రోజుల్లో రైతు పోసిన పంటకు, కొన్నవాడి సరుకు నిల్వ మీద బ్యాంకు కంటే ముందు హక్కు. అమెరికాలో 1984 నుంచి కూరగాయలు, పండ్లు కొన్నవాడి దగ్గరున్న ఆ సరుకూ, అమ్మితే వచ్చిన సొమ్మూ అమ్మినవాడి కోసం ట్రస్టుగా ఉన్నట్టు లెక్క. బ్యాంకు దాన్ని ముట్టరాదు. అక్కడి బ్యాంకులు ఏమన్నా మూతపడ్డాయా? మన దగ్గర చెరుకుకు 1966 నాటి కంట్రోల్ ఆర్డర్ ఉంది, 14 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. కానీ ఐబీసీ వచ్చి కూర్చుంటే ఆ ఆర్డర్ కింద వసూలు ఆగిపోతుంది. అదే 1966లో వచ్చిన విత్తన చట్టం విత్తనం నాణ్యత గురించి చెప్తుంది గానీ, విత్తనం పండించిన రైతుకు ఎన్ని రోజుల్లో పైసలియ్యాలో చెప్పదు.

మనలాంటి చిన్నవాళ్లు అప్పుల్లో మునిగితే ఏమిటని అడుగుతారు. అదే ఐబీసీలో "ఫ్రెష్ స్టార్ట్" అని ఒక భాగం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు దాటని, అప్పు 35 వేలు దాటని, సొంత ఇల్లు లేని పేదవాడికి బాకీ మాఫీ. 2016లో రాశారు. కంపెనీల భాగం ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. ఈ భాగానికి ఇన్నేళ్లయినా ముహూర్తం దొరకలేదు.

సంఘం తరఫున మేము అడిగేది ఇదీ. పంట పోసిన రైతు బాకీని కార్మికుల బకాయితో సమానంగా రెండో వరుసలో పెట్టాలి. రైతు సంఘం అందరి తరఫున ఒకే క్లెయిమ్ వేసే వీలుండాలి. ఆర్గనైజర్ ద్వారా కొన్నా, ప్రతి రైతు పేరూ కంపెనీ పుస్తకంలో ఉండేటట్టు నిబంధన తేవాలి. మొదటి రెండూ ఢిల్లీలో తేలాలి, ఎప్పటికో తెలియదు. మూడోది కలెక్టర్లు తలచుకుంటే వచ్చే సీజన్‌కే మొదలుపెట్టవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో వినతిపత్రాలు ఇస్తున్నాం.

ఈలోపల మన పని మనం చేద్దాం. తూకం రోజు చీటీ మీద కంపెనీ పేరు, లాట్ నంబరు రాయించుకోండి. రాయనంటే, తూకం వేస్తుండగా ఫోటో తీయండి. పైసలు బ్యాంకులోనే వేయమనండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి, పెట్టాల్సి వస్తే పక్కన తేదీ వేయండి. కంపెనీ గురించి చెడ్డ మాట వినబడితే అదే రోజు సంఘానికి చెప్పండి. క్లెయిమ్‌కు చట్టం ఇచ్చే గడువు మొదట 14 రోజులే, ఆ తర్వాత 90 రోజుల దాకా పెట్టుకోవచ్చు. మేము పోయినట్టు ఎనిమిది నెలలకు పోతే చాయ్ తాగి రావాల్సిందే.

పాత బకాయిల చీటీలు తెచ్చినవాళ్లు ఎడమ దిక్కు బల్ల దగ్గర పేర్లు రాయించండి. మావాళ్లు ఫోటో తీసుకుంటారు. అసలు చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా.