ఎగరని డ్రోన్‌ను పారేయకండి

 

మన బడి పిల్లలు సొంతంగా క్వాడ్‌కాప్టర్, అంటే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్, తయారుచేశారు. మోటార్లు హోరెత్తుతున్నా అది నేల వదలడం లేదు. రెడీమేడ్‌ది కొనిద్దామని కొందరు మిత్రులన్నారు. కొనవద్దని నా మనవి.

ముందు ప్రొపెల్లర్లు విప్పించండి; తిరిగేటప్పుడు తగిలితే వేళ్లు తెగుతాయి. తర్వాత మోటార్లు చూడాలి. ఐమూలగా ఉన్న రెండూ ఒకే దిశలో, మిగతా రెండూ దానికి ఎదురు దిశలో తిరగాలి. ఏదైనా తప్పుగా తిరిగితే, దాని మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చి కలిపితే సరిపోతుంది.

ఇక ప్రొపెల్లర్లు. సవ్యదిశ ప్రొపెల్లర్‌ను అపసవ్యంగా తిరిగే మోటారుకు బిగిస్తే, అది గాలిని పైకి తోసి డ్రోన్‌ను కిందికి అదుముతుంది. అదీ సరిగానే ఉంటే కాటా మీద పెట్టండి. డ్రోన్ 1 కిలో తూగితే, నాలుగు మోటార్లూ కలిసి సుమారు 2 కిలోలు ఎత్తగలగాలి.

ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. అప్పుడే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. కొన్న డ్రోన్ ఈ విద్య నేర్పదు.

అందుకే మిత్రులారా, చందాతోపాటు నెలకొక ఆదివారం ఇవ్వండి. పిల్లల పక్కన కూర్చోండి. లోపాన్ని మాత్రం వాళ్లనే వెతకనివ్వండి.