ఆసుపత్రికి గోడలు చాలవు

ఈ శతవార్షికోత్సవ సందర్భమున వైద్య సేవను గూర్చి మాట్లాడవలసినదిగా మమ్ములను కోరినారు. మిషన్ ఆసుపత్రుల సేవను మనము తరచు స్మరించుకొనుచుందుము. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు నేటికిని మన ఇండ్లలో వినబడుచున్నది. అయితే ఈ దినములలో అర్ధరాత్రి లారీ గుద్దిన మనిషిని మోసికొని పోవునది చాలచోట్ల ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికే. గనుక ఆ ఆసుపత్రిలోని అత్యవసర విభాగమునకు, మనము క్యాజువాలిటీ అని పిలుచుకొను ఆ గదికి, ప్రభుత్వమిచ్చు నిధులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని తాపీ పనివాడొకడు మోటారు సైకిలు మీద నుండి పడినాడు. 108 వాహనము త్వరగానే వచ్చినది. అతనితో మేమును వెళ్ళితిమి. ఆసుపత్రి భవనము క్రొత్తది. గోడకు శిలాఫలకమున్నది. లోపల ఒక్క డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు. మత్తు డాక్టరు లేడు. ఎక్కించుటకు రక్తము లేదు. స్కానింగు యంత్రమున్నది గాని రాత్రి దానిని నడుపువారు లేరు. ఆ డాక్టరు తనకు చేతనైనదంతయు చేసి, పెద్దాసుపత్రికి తీసికొని పొమ్మని చీటి వ్రాసినాడు. అతనిని మేము తప్పుపట్టజాలము. దారి పొడుగునను ఆ సహోదరుడు మా చేయి విడువలేదు. తెల్లవారకముందే ప్రభువునందు నిద్రించినాడు. భూస్థాపన అయిన తరువాత అతని భార్య మమ్ములను అడిగినది: "అంత పెద్ద ఆసుపత్రి కట్టించినారు గదా అయ్యగారూ, లోపల ఎవరూ లేరేమి?"

ఆ ప్రశ్నకు ఆ దినమున మా యొద్ద జవాబు లేదు. తరువాత కొంత చదివి తెలిసికొంటిమి.

ప్రమాదములో ఉన్నవానికి ముందు వైద్యము చేయవలెననియు, పోలీసు వ్యవహారములు ఆ తరువాతనే అనియు 1989లో సుప్రీంకోర్టు చెప్పినది. పశ్చిమ బెంగాలులో రైలు నుండి పడిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి త్రిప్పి పంపినవి. ఆ వ్యాజ్యములో 1996లో అదే కోర్టు, డబ్బు లేదను సాకుతో ప్రభుత్వము ఈ బాధ్యతను తప్పించుకొనరాదని తీర్పునిచ్చి, జిల్లా, సబ్ డివిజను ఆసుపత్రుల స్థాయిని పెంచవలెనని కూడ చెప్పినది.

డబ్బు రాలేదా? వచ్చినది. 1990లలో ప్రపంచ బ్యాంకు ఋణముతో మన రాష్ట్రములోని జిల్లా, ఏరియా ఆసుపత్రులు బాగుపడినవి. 2007లో ప్రారంభమైన పదకొండవ పంచవర్ష ప్రణాళికలో, జాతీయ రహదారుల ప్రక్కనున్న ప్రభుత్వ ఆసుపత్రులలో ట్రామా కేంద్రములకు కేంద్రము నిధులు కేటాయించినది. 2021లో ప్రకటించిన 64,180 కోట్ల రూపాయల పథకములో జిల్లాలకు క్రిటికల్ కేర్ బ్లాకులు చేర్చబడినవి.

అయితే నిధులు రెండు విధములు. భవనమునకు, యంత్రములకు ఒక్కసారి ఇచ్చునది మొదటిది. జీతములకు, మందులకు, ఆక్సిజనుకు, యంత్రముల మరమ్మతుకు ఏటేట ఇవ్వవలసినది రెండవది. మొదటిదానికి ప్రారంభోత్సవము, పూలదండలు ఉండును. రెండవదానికి ఏమియు ఉండదు. పథకము గడువు తీరగానే ఆ భారము రాష్ట్రము మీద పడును. అప్పుడే ఖాళీలు నిండవు, యంత్రములు మూలబడును. ఈ మాట అనుటకు మాకును సిగ్గుగానే ఉన్నది. మందిరములకు శంకుస్థాపన చేసి, దీపపు ఖర్చు మరచినవారము మనలోను ఉన్నాము గదా!

మంచి సమరయుని పేరు ఈనాడు చట్టము వరకు వచ్చినది. క్షతగాత్రునికి సాయపడినవారిని వేధింపరాదని 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినారు. రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, నగదు లేని చికిత్స పథకము 2025లో వచ్చినది. కాబట్టి గాయపడినవానిని చూచి ప్రక్కగా పోవుటకు ఇక మనకు సాకు లేదు. అయితే ఉపమానము అంతటితో ముగియలేదు. సమరయుడు పూటకూళ్ళవానికి రెండు దేనారములిచ్చి ఊరకుండలేదు. అంతకు మించి అయిన ఖర్చును కూడ తానే తీర్చుదునని చెప్పి వెళ్ళినాడు. అదే ఏటేటి నిధి.

కావున మా మనవి ఇది. మన ప్రాంతపు ఆసుపత్రికి నిధులు వచ్చినవని వినినప్పుడు సంతోషించుడి, కాని అడుగుడి: రాత్రివేళ డాక్టర్లు ఎందరు? మత్తు డాక్టరున్నాడా? రక్తము నిలువయున్నదా? వచ్చే సంవత్సరము జీతములెవరిచ్చుదురు? ఆసుపత్రి అభివృద్ధి సంఘము దృష్టికి, శాసనసభ్యుల దృష్టికి పార్టీల ప్రసక్తి లేకుండ ఈ ప్రశ్నలు తీసికొని పోవుడి. మన యువజనులు రక్తదానమునకు ముందుకు రావలెను.

ఆ సహోదరి అడిగిన ప్రశ్న మరియొక ఇంట వినబడకుండుటకు మనము చేయగలిగినది ఇంతయే. ఇదియు చేయకుందుమా?