బాటయు, బాణపు గుర్తును



బాట రెండు దిక్కులకును సాగును. దానిని తెలుపు గుర్తులు మాత్రము ఒక్కొక్కచోట ఒక దిక్కునకే చూపును. స్పెయిన్ దేశమున సాంతియాగో క్షేత్రమునకు పోవు యాత్రామార్గము ఇందులకు నిదర్శనము. ఓ సెబ్రెయిరో గ్రామపు క్రైస్తవ మతాచార్యుడు ఎలియాస్ వలీన్యా 1984లో ఆ త్రోవ వెంబడి పసుపుపచ్చని బాణములు చిత్రించుట కారంభించెను. అవి క్షేత్రమునకు పోవువారి కొరకు ఏర్పడినవి. మరలివచ్చు బాటసారికి వానిలో పెక్కు గోడలకును చెట్లకును ఆవలిప్రక్కన మరుగుపడును. త్రోవ చీలినచోట ఎటు పోవలెనో తోచదు.

2004లో ఇంగ్లండున పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, దేశదేశముల జనులు కూడి కంప్యూటరుపై వ్రాయుచున్న పటము. గుర్తులు ఒక దిక్కునకే యున్నచో, ఆ సంగతిని మార్గపు వివరములలో వేరుగ నమోదు చేయుటకు అందు ఏర్పాటు కలదు. దీనిని వాహనముల ఏకదిశా నిబంధనతో కలుపరాదు. కలిపినచో ఎదురు నడువదగిన బాట మూయబడినదని పటము చూచువారు భ్రమపడుదురు.

కావున వ్రాయువాడు రెండు దిక్కులను నడచి, కంటికి కనబడినదే వ్రాయవలెను. గ్రంథాలయపు పట్టికలో లేని పుస్తకమును వ్రాసినచో పాఠకుడు వట్టిచేతులతో మరలును. పటములో లేని గుర్తును వ్రాసినచో బాటసారి చీకటిలో చిక్కును.