ఉప్పు నడిచొచ్చిన బాట



సుబేదారిలోని మా హాస్టల్ పిల్లలను మొన్న వరంగల్ కోటకు తీసుకెళ్లాం. కీర్తి తోరణం దగ్గర బోర్డు చదివి ఎనిమిదో తరగతి పాప ఒకటి అడిగింది: "మేడమ్, ఇందులో మనవాళ్లు ఎక్కడున్నారు?" పాఠం చెప్పడం నేర్చుకొని వచ్చినవాళ్లం, ఆ పూట జవాబు చెప్పలేకపోయాం.

ఈ కోటకు ఒక సముద్రం కూడా ఉండేది. కాకతీయుల రేవు మోటుపల్లి, ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో చిన్న ఊరు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. తాము అలా చేయమని, నిర్ణయించిన సుంకమే తీసుకుంటామని గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఆ తీరం గురించి రాస్తూ రుద్రమదేవి పాలనను మెచ్చుకున్నాడు.

అప్పటి ఎడ్లు కూడా మన లంబాడీలవే అని కొందరు సభల్లో అంటుంటారు. మేము అనం. మనవాళ్లు ఎక్కువగా దక్కనుకు వచ్చింది 17వ శతాబ్దంలో, మొగలు సైన్యాలకు ధాన్యం మోస్తూ. ఆ తర్వాత కోస్తా ఉప్పును నిజాం ఇలాకాలోకి నడిపించిన వాళ్లలో మాత్రం మన లదేణి ముందుంది. వందలు, వేలు ఎడ్లు. ఒక్కో ఎద్దు వీపున రెండు పక్కలా గోనెలు. బండి పోలేని అడవిలో నీళ్లెక్కడ, మేతెక్కడ, ఏ వాగును ఎక్కడ దాటాలి, అన్నీ నాయక్‌కు నోటికొచ్చు. కాగితం మీద గీసిన బాట కాదది. 1889లో రైలు బెజవాడ చేరాక ఎద్దు వీపు మీది ఉప్పుకు గిరాకీ పోయింది. దారుల మీద బతికే ఎన్నో జాతుల మీద 1871 చట్టం నేరస్థులన్న ముద్ర వేసింది. అది 1952 దాకా చెరగలేదు.

అమెరికాలో ఆంజా అనే స్పానిష్ అధికారి 1775-76లో రెండు వందలకు పైగా మందిని వెంటబెట్టుకొని పడమటి తీరానికి నడిచాడు. ఆ 1,200 మైళ్ల బాటను 1990లో జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించారు. దారి పొడవునా పార్కులు, బోర్డులు. అంతకుముందు, 1774లో, అతనికి ఎడారిలో దారి చూపినవాడు సెబాస్టియన్ తారబాల్ అనే ఆదివాసి. బాట పేరు మాత్రం ఆంజాదే.

మన ఉప్పుబాటకైతే అలాంటి బోర్డు ఒక్కటి కూడా మా కంట పడలేదు.

మా దాదీ ఆ మజిలీల పేర్లు వరుసగా చెప్పేది. మేము బీఈడీ పుస్తకాల్లో తలదూర్చి రాసుకోలేదు. దాదీ పోయింది, పేర్లూ పోయాయి.

సంక్రాంతికి తండాకు పోతారు కదా, ఫోన్‌లో రికార్డర్ పెట్టండి. "చరిత్ర చెప్పు" అంటే ముసలివాళ్లు నవ్వి ఊరుకుంటారు. "ఎడ్లు ఏ బావి దగ్గర ఆగేవి? ఆ గుట్టకు ఆ పేరెందుకు?" అని అడగండి. గోర్‌బోలిలోనే చెప్పనివ్వండి. మా హాస్టల్ భోజనాల గదిలో గోడ మీద ఒక పటం గీసి పెట్టాం. ఆ పాప ఇప్పటికే రెండు పేర్లు తెచ్చింది, ఒక బావిది, ఒక చింతతోపుది.