చూపు లేనివారికి పంచాయతీ కాగితము వినిపించవలెను

(బోథ్‌లో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామసభ నోటీసును గోడకు అంటించినంతనే మన బాధ్యత తీరినదని తలచుచున్నాము. ఆ గోడను చూడలేని గ్రామస్థుని సంగతి యేమి? ఆతడును ఓటరే, పన్ను కట్టువాడే. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున చూపు లోపముగలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. తమ పింఛను సంగతి తెలిసికొనుటకు సైతము వీరు పరుల దయకై వేచియుండవలసినచో, గ్రామ స్వపరిపాలన వారి గడప వరకు చేరలేదన్నమాటే.

దీనికి సాధనము లేకపోలేదు. కంప్యూటరు తెరపై నున్న అక్షరములను చదివి వినిపించు సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడరు అందురు. ఇట్టివి పూర్వమే యున్నను, వాని వెల సామాన్యునకు అందనిదై యుండెను. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు 2006లో ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరును వ్రాయనారంభించెను. జేమ్స్ టే అను మరియొక అంధుడు ఆయనతో చేరెను. వారు దానిని ఉచితముగా పంచుటయే గాక, అది ఎట్లు వ్రాయబడినదో ఎల్లరు చూచి మార్చుకొనునట్లు తెరచి యుంచిరి.

అసలు మేలు ఈ తెరచి యుంచుటలోనే యున్నది. దానితో వచ్చు ఈ-స్పీక్ అను గొంతు కూడ ఇట్టిదే. అది తెలుగును, మరాఠీని పలుకును. మన బోథ్ ప్రాంతమున ఆ రెండింటితోపాటు గోండియు వినబడును. రేపు గోండికి గొంతు నీయదలచినవారు ఎవరి అనుమతికొరకును వేచియుండనక్కరలేదు.

అయితే చదువు యంత్రమునకు చదువదగిన అక్షరము కావలెను. నోటీసును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినచో అది బొమ్మయే గాని అక్షరము గాదు. బొమ్మలోని అక్షరములను గుర్తించు ఉపాయము లున్నను, వంకర ఫోటోలు, చేతివ్రాతలు వానికి సరిగా అందవు. పాత ఫాంటులలో టైపు చేసిన తెలుగు కంటికి తెలుగే. లోపల మాత్రము ఇంగ్లీషు అక్షరముల గుర్తు లుండుటచే, యంత్రము అర్థము లేని ధ్వనులు చేయును. యూనికోడులో టైపు చేసినచో తెలుగు తెలుగుగానే వినిపించును.

సమాచారము దివ్యాంగులకు అందగల రూపమున నుండునట్లు ప్రభుత్వములు చర్యలు తీసికొనవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 42వ సెక్షను చెప్పుచున్నది.

కావున మేము మిమ్ము కోరునవి మూడు. మొదటిది, ప్రతి నోటీసును, తీర్మానమును యూనికోడులో టైపు చేయించుడు. ఫోటో పంపినను, క్రింద ఆ మాటలనే టైపు చేసి పంపుడు. రెండవది, పంచాయతీ కంప్యూటరులో ఎన్.వి.డి.ఎ. ఉంచుడు, పెన్ డ్రైవు నుండియు అది నడచును. ఆండ్రాయిడ్ ఫోను గల అంధులకు టాక్‌బ్యాక్ వాడుట నేర్పించుడు. మూడవది, పంపిన కాగితము అర్థమైనదా యని మీ గ్రామములోని అంధులనే అడుగుడు. అందులో లోపము ముందుగా తెలియునది వారికే.

వీనిలో దేనికిని సాఫ్ట్‌వేరు వెల చెల్లింపనక్కరలేదు. వచ్చు గ్రామసభ నోటీసుతోనే ఆరంభింపుడు.