కాలేయపు క్యాన్సరు - మరువరాని మాత్ర
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట జబ్బుల ప్రసక్తి యెందుకని కొందరికి తోచవచ్చును. ఈ ఖుర్దా రోడ్డులో మన తెలుగువారమందరము ఒకచోట చేరేది ఈనాడే గనుక, వేపపువ్వు చేదుతోపాటు నా నాలుగు మాటలుకూడా స్వీకరించవలెనని మనవి. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. మా యింట జరిగినదీ, వైద్యులు చెప్పగా గ్రహించినదీ చెప్పుతాను.

మా అన్నయ్యకు కాలేయములో క్యాన్సరు ఉన్నదని తేలినది. ఆయన సారా ముట్టి యెరుగడు. తాగనివానికి ఈ రోగమేమిటని విస్తుపోయాము. రక్తపరీక్షలో కారణము బయటపడినది: హెపటైటిస్ బి అనే వైరస్. బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1960 దశకములో దీని జాడ కనిపెట్టి, 1976లో నోబెల్ బహుమతి పొందినారు. ఏ బాధా తెలియనీయకుండా ఇది యేండ్ల తరబడి కాలేయములో ఉండి, కొందరికి క్యాన్సరు తెచ్చిపెట్టును. హెపటైటిస్ సి కూడా అట్టిదే. సి వైరస్‌ను నేటి మందులు చాలామందిలో 12 వారములలో పోగొట్టుచున్నవి. బి వైరస్‌ను మాత్రము సాధారణముగా రోజూ మాత్రతో అణచి ఉంచవలసినదే.

ఇక మా తప్పు చెప్పుతాను. క్యాన్సరు వైద్యముతోపాటు ఆ మాత్ర కూడా ఇచ్చినారు. "అంత పెద్ద రోగముండగా ఈ చిన్న మాత్ర దేనికి?" అని మేమే మానిపించాము. రెండు నెలలకు కన్నులు పచ్చబడినవి. కామెర్లకు పసరు పోయించి మరి పదిరోజులు పాడుచేసినాము. తీరా చూస్తే వైరస్ తిరిగి విజృంభించినది. కాలేయము చెడితే క్యాన్సరు మందును దేహము తట్టుకోలేదు గనుక వైద్యమే ఆపవలసి వచ్చినది. అన్నయ్య నిరుటి దీపావళి చూడలేదు. మాత్ర మానకపోతే బ్రతికేవాడని నేను చెప్పలేను. పోయిన ఆ రోజులు మాత్రము మావల్లనే పోయినవి.

మరొక తప్పు: ఆయన కంచము, గ్లాసు వేరుచేసినాము. వదిన ఒక్కతే దగ్గర కూర్చుండేది. కలిసి తింటే, చేయి పట్టుకుంటే ఈ వైరస్ అంటదు. రక్తము ద్వారా, శుద్ధిచేయని సూదుల ద్వారా, ఒకరి క్షురకత్తి ఇంకొకరు వాడుటవల్ల, దాంపత్యమువల్ల, కాన్పులో తల్లినుండి బిడ్డకు సంక్రమించును. ఈ సంగతి ముందే తెలిసియుంటే అన్నయ్య చివరి దినములు మా పంక్తిలోనే గడిచేవి.

తరువాత ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించగా అమ్మకూ, నాకూ వైరస్ ఉన్నట్టు తేలినది. "నావల్లనే గదరా" అని అమ్మ ఏడ్చినది. ఆమె తప్పేమున్నది? మేము పుట్టిననాడు ఈ టీకా మనవంటివారికి అందుబాటులో లేదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకా తయారుచేసిన తరువాతనే ధర దిగివచ్చినది. నేడు ప్రభుత్వమే శిశువులకు ఉచితముగా వేయుచున్నది. తైవాన్‌లో 1984నుండి శిశువులకు టీకా వేయగా, పిల్లలలో కాలేయపు క్యాన్సరు బాగా తగ్గినది. పసితనములో ఈ వైరస్ సోకినవారిలో నూటికి 90 మందికి అది నిలిచిపోవును. పెద్దవారిలో అట్లు నిలిచేది 5 మందికి లోపే. అందుచేత పుట్టిన 24 గంటలలో మొదటి టీకా పడవలెను. మా పాపకు పడినది. దానికి వైరస్ లేదు. నేను ఆరునెలలకొకసారి పరీక్షకు వెళ్ళుచున్నాను.

నా మనవి మూడే మాటలు. కాలేయపు క్యాన్సరు వచ్చినవారికి వైద్యమునకు ముందే బి, సి పరీక్షలు జరిగినవా అని వైద్యుని అడగండి. వైరస్ మాత్ర వైద్యుడు చెప్పనిదే మానకండి. ఇంటివారందరూ పరీక్ష చేయించుకొని, లేనివారు టీకా వేయించుకోండి. 2018నుండి జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చే ఏర్పాటు ఉన్నది.

ఈ సంగతి సభలో చెప్పుటకు సిగ్గుపడినాను. అన్నయ్య గ్లాసు జ్ఞాపకమువచ్చి చెప్పినాను. సెలవు.