దాటిపోకుండా ఆగుదాం

తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఈ నార్సింగి చుట్టుపక్కల చదువుకుంటూ, పనులు చేసుకుంటూ ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాం రాం.

క్రైస్తవులమైన మేము దయ గురించి పాటలు బాగానే పాడతాం. కానీ మా దయ ఏపాటిదో ఒక రాత్రి తెలిసింది. హాస్టల్ పిల్లలతో ఆటోలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో వస్తున్నాం. డెలివరీ బ్యాగు తగిలించుకున్న ఒక అబ్బాయి బండి మీంచి పడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. "వెంట ఆడపిల్లలున్నారు, పోలీసు కేసు అవుతుంది, మనకెందుకు" అనుకుని వచ్చేశాం. గేటు దగ్గర దిగాక తొమ్మిదో తరగతి పాప అడిగింది: "మేడమ్, ఆ అన్న మన తండా అన్న అయితే ఆగేవాళ్లమా?" మా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి ఏమయ్యాడో ఈ రోజుకీ మాకు తెలియదు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ మీలో చాలామంది విన్నదే. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు, లేవీయుడు దాటిపోయారు. ఆ రోజుల్లో యూదులు చిన్నచూపు చూసే సమరయుడు ఆగాడు. గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. నీ జాతి ఏది, నీ దేవుడెవరు అని అడగలేదు. చిన్నచూపు అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ కథను వేరే విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి మమ్మల్ని ఆపింది భయం. చట్టం ఏమంటుందో తర్వాత తెలుసుకున్నాం. సాయం చేసినవారిని కాపాడే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రివాళ్లు డబ్బు కట్టమని ఆపకూడదు.

కాబట్టి ముందు 108కు ఫోన్ చేయండి. ఆ సేవ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. హెల్మెట్ లాగేయకండి, నోట్లో నీళ్లు పోయకండి. ఇంటివాళ్లకు కబురు చెప్పండి. ఇప్పుడు మా హాస్టల్ పిల్లలు ఇవన్నీ నేర్చుకుంటున్నారు.

మనలో సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేవారున్నారు, మాలాగా చర్చికి వెళ్లేవారున్నారు. సాయం చేసి మా గుడికి రా, మా చర్చికి రా అని పిలిస్తే అది బేరం అవుతుంది, దయ కాదు. పిలవకపోయినా మర్నాడు మళ్లీ వెళ్లి, "ఎలా ఉన్నావు తమ్ముడూ, తిన్నావా?" అని అడగండి. సమరయుడు తిరిగి వస్తానన్నాడు కదా.

మేము ఒకసారి దాటిపోయాం. మీరు దాటిపోకండి. సెలవు.